రెండు కిలోల ఎనిమిది వందలు

ఇంకా రాలేదు, మీటింగు చూడటానికి రావాల్సిన పై ఆఫీసు మేడమ్ ఇంకా రాలేదు, వస్తే బాగుండును, అసలు రాకపోతే ఇంకా బాగుండును అనుకుంటూ శాంతిప్రియ ప్లాస్టిక్ కుర్చీలో కాస్త పక్కకి జరిగింది. టెంటు గుడ్డ చిరుగులోంచి పడుతున్న ఎండ ముక్క ఆమె మోకాలి మీంచి పక్క కుర్చీలో ఉన్న పొజ్జే మోకాలి మీదికి పాకింది. పొజ్జే దాన్ని దులిపేయబోయినట్టు చేయి పెట్టి తీసేసింది. పెదవులు కదులుతున్నాయి. అప్పజెప్పుకుంటోంది. వెనక బెంచీ పిల్లలు తమ వంతు వచ్చేలోపు ఇలాగే కదుపుతారు, చప్పుడు లేకుండా, కళ్లు ఎక్కడా నిలపకుండా, అందులో ఒక్క మాట జారితే మిగతాదంతా జారిపోతుందన్న భయంతో. ఏం అప్పజెప్పుకుంటోందో వినకుండానే తెలుసు. బిడ్డను నేను తూయనియ్యలేదు. అందుకే పోయింది. మీరు నాలాగా చేయకండి. ఈ మీటింగులు పెట్టే సంస్థలో సునీల్‌కుమార్ హిందీలో రాసిచ్చాడు, దాన్ని పొజ్జే వాళ్ల భాష దోర్లీలోకి మార్చి ఆమెకి నేర్పింది శాంతిప్రియే. పొజ్జే దోర్లీలో చెబుతుంది, శాంతిప్రియ దాన్ని మళ్లీ హిందీ చేస్తుంది, ఎదురుగా టార్పాలిన్ మీద కూర్చున్న మితానిన్లు, ఊరూరా బాలింతల్నీ పసిబిడ్డల్నీ చూసుకునే ఆడవాళ్లు, కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని వింటారు. మీటింగు జరిగే ఈ తోంగ్‌పాల్ చుట్టూ హల్బీ, గోండీ మాట్లాడే ఊళ్లు. ఈ టెంటు కింద దోర్లీ తెలిసినవాళ్లు ఇద్దరే, చెప్పేదీ, మార్చేదీ.

"టీచర్‌గారూ, మేడమ్ గాడీ సుక్మా దాటేసిందంట, బస్, వచ్చేస్తున్నారు" అని సునీల్‌కుమార్ ఫోను చెవి దగ్గర్నుంచి తీయకుండానే చెప్పాడు. "ఇందాక కూడా దాటేసిందన్నావు కదా సునీలూ, దాటిందే మళ్లీ దాటుతోందా?" అంది శాంతిప్రియ, తన గొంతు మామూలుగా ఉన్నందుకు తనే ఆశ్చర్యపోయింది. ముందు వరసలో ముసలి మితానిన్ ఒకామె సునీల్ చేతిలో సమోసాల అట్టపెట్టె చూసి, మేడమ్ వచ్చేదాకా అవి కూడా ఉపవాసమేనా బాబూ అని హిందీలో అడిగింది, అందరూ నవ్వారు. పొజ్జే కూడా నవ్వింది. నవ్వి, వెంటనే తల దించుకుంది, బిడ్డ పోయిన మనిషి నవ్వకూడదని ఎవరో చెప్పినట్టు. ఎవరూ చెప్పలేదు. అలా ఉంటే బాగుంటుందని సునీల్ అన్నాడంతే, జీపులో, డ్రైవర్‌తో, హిందీలో, ఈమెకి అర్థం కాదు కదా అన్న ధీమాతో. ఈమె కళ్లలో నీళ్లు వచ్చిన మీటింగుల తర్వాత బిడ్డల్ని తూయించేవాళ్లు బాగా పెరుగుతున్నారు భయ్యా, రాని చోట అంతగా లేరు.

తూకం. పొజ్జే వాళ్ల వైపు ఊళ్లలో బొడ్డు ఊడేదాకా బిడ్డను తక్కెట్లో పెట్టరు. చింతపండు తూస్తారు, ఇప్పపువ్వు తూస్తారు, తూచినదల్లా పరాయి చేతికి పోతుంది, మరి బిడ్డను ఎట్ల తూస్తమమ్మా అని శాంతిప్రియ టీచరుగా అక్కడి బడిలో చేరిన కొత్తలో ఒక ముసలమ్మ అడిగింది. మద్దేడ్‌కి ఈవల, రోడ్డు దిగి చాలా నడిస్తే వచ్చే బడి అది. అక్కడి పిల్లల నోళ్లలోంచే దోర్లీ నేర్చుకుంది. సెలవలకి కిరందుల్ పోయి, అమ్మ దగ్గర కూర్చుని, ఇలా తూకం వేయరట అని చెబితే అమ్మ నవ్వింది, మన విజయనగరం పక్క మాత్రం ఏటి తక్కువ, దిష్టి అని బుగ్గన చుక్క ఎట్టమా, చర్చికెళ్లే మనమే ఎట్టేస్తాం అంది. కొడుకు అవినాష్ అప్పుడు చిన్నవాడు. అమ్మమ్మ ఒళ్లో పడుకుని విన్నాడు. విని, గుర్తు పెట్టుకున్నాడు. పెద్దయ్యాక, ఈ సంస్థలో చేరి మితానిన్ల ఫోన్లకి యాప్ కట్టేటప్పుడు, తూకం గడి ఖాళీగా వదిలేసినా ముందుకి పోయేలా పెట్టాడు. కట్టిన నలుగురిలో అది తోచింది వాడొక్కడికే. వాళ్లు తూయరు సార్, తప్పనిసరి చేస్తే మితానిన్ ఏదో ఒక దొంగ అంకె వేసేస్తుంది, ఖాళీగా ఉండనివ్వండి అని వాదించి గెలిచాడట. ఆ రోజు ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఆమెకు గర్వం కలిగింది. పరీక్షకి రానివాడికి సున్నా వేయకూడదు, రాలేదని రాయాలి, రెండూ ఒకటి కావు అని కొత్త టీచర్లకి తను ఏళ్లుగా చెబుతున్నదే కదా.

ఇప్పుడా గర్వం ఎక్కడ పెట్టాలి. ఎండ ముక్క పొజ్జే మోకాలు దాటి మట్టిలోకి దిగింది. ఇక్కడి మట్టి కిరందుల్ మట్టంత ఎరుపు కాదు. అక్కడ ఆరేసిన దుప్పట్ల మీద కూడా ఇనుప ఖనిజం దుమ్ము వాలుతుంది, తెల్ల యూనిఫారాలు వారానికే తుప్పు రంగు తేలతాయి. అవినాష్ ఆ సంగతి చెప్పిన ఉదయం కూడా బట్టలు లోపలే ఆరేస్తూ ఉంది, పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మా, ఒకటి చెప్పాలి, కూర్చో అన్నాడు అవినాష్. గంజి వార్చి కూర్చుంటాను అంది. వారుస్తుండగానే చెప్పాడు. మద్దేడ్ దగ్గర చంటిబిడ్డ పోయింది కదా, పొజ్జే అని, ఆమె బిడ్డ, అది నా వల్లే అమ్మా.

ఏటి నీ వల్ల, నువ్వు ఆ ఊరు వెళ్లనైనా లేదు అంది. కూర్చోబెట్టి, క్లాసుకి చెప్పినట్టు చెప్పమంది, వాడు చెప్పాడు, ఆమె అర్థం చేసుకుంది, అర్థం కాకపోతే ఎంత బాగుండేది. యాప్ ఒకటే కానీ లోపల కంప్యూటర్ భాషలు రెండు. కంటికి కనిపించేదంతా, బొమ్మలు, గడులు, బటన్లు, కోట్లిన్‌లో రాశారు. బిడ్డ పరిస్థితి లెక్కగట్టి ప్రమాదమైతే ఎరుపు, అనుమానమైతే పసుపు, భయం లేకపోతే పచ్చ అని తేల్చేది మాత్రం సీ ప్లస్ ప్లస్‌లో, ఎక్కడో పెద్ద ఊళ్లో డాక్టర్లు, ఇంజనీర్లు కలిసి ఎప్పుడో రాసి పరీక్షించి పెట్టినది, దాన్ని ముట్టుకోకూడదు. ఇటు భాషలో ఉన్నది అటు భాషకి అందించి, అటు తేలింది ఇటు తెచ్చే నడిమి ముక్క రాయడమే అవినాష్ పని. కోట్లిన్‌లో గడి ఖాళీ అంటే ఖాళీయే, లేదని చెప్పవచ్చు. అటువైపు ఆ చోట ఏదో ఒక అంకె పడాల్సిందే. మొదట సున్నా పంపాడు. సున్నా కిలోల బిడ్డ, మరి ఎరుపు రాకేం చేస్తుంది. పరీక్షకి నాలుగు ఊళ్లలో ఇస్తే తూయని ప్రతి బిడ్డకీ ఎరుపే, ప్రతి గుడిసెకీ జీపు, తీరా వెళ్తే హాయిగా పాలు తాగుతున్న బిడ్డ. సునీల్‌కుమార్ అరిచాడు, డ్రైవర్లు బూతులు తిట్టారు, ఊళ్లవాళ్లు నవ్వారు. ఆ సాయంత్రం వాడు సున్నా తీసేసి రెండు కిలోల ఎనిమిది వందలు పెట్టాడు. మామూలు బిడ్డ తూకం. తూకం లేకపోతే ఇది పంపు. అప్పటికి, ఊరికే. తెల్లారేసరికి ఎరుపులు పోయాయి. అందరూ మెచ్చుకున్నారు.

మర్చిపోయావా అని అడిగింది. మర్చిపోయాను అంటే బాగుండునని ఎంత కోరుకుంది. లేదమ్మా, బాగానే నడుస్తోంది కదా అని ఊరుకున్నాను అన్నాడు. అటువైపు వాళ్లు, తెలియదు అని చెప్పడానికి ఒక గుర్తు పెట్టుకున్నారట. అది పంపితే లెక్క తూకాన్ని పక్కనపెట్టి, మిగతా లక్షణాల్ని ఇంకా గట్టిగా పట్టుకుంటుందట. ఆ పేజీ వాడు చదవలేదు. బిడ్డ పోయాక చదివాడు. ఆ ఊరి మితానిన్ బిందు ఫోను ఆఫీసుకి రిపేరుకి వస్తే, ఆమె నొక్కినవన్నీ మళ్లీ నొక్కి చూశాడు. పాలు తాగడం లేదు, అవును. ఒళ్లు చల్లగా ఉంది, కొంచెం. తూకం, ఖాళీ. పచ్చ వచ్చింది. బిడ్డకి మంచి తూకం ఉందనుకుని ఆ లెక్క మిగతా రెండింటినీ చిన్నవి చేసేసింది. తర్వాత రెండు కిలోల ఎనిమిది వందలు తీసి, తెలియదన్న గుర్తు పంపాడు. ఎర్రగా వచ్చిందమ్మా అన్నాడు. గంజి గిన్నెలోకి చూస్తూ అన్నాడు. మర్నాడే అన్ని ఫోన్లకీ అప్‌డేట్ పంపేశాను, ఇంక ఎవరికీ అవదు. ఎవరికీ చెప్పకమ్మా. చెబితే ఉద్యోగం పోతుందని కాదు, నేనుండనమ్మా. ఆ మధ్యాహ్నమే వడ్రంగిని పిలిచి వాడి గది తలుపుకి లోపలి గడియ పీకించేసింది శాంతిప్రియ. ఎందుకని వాడు అడగలేదు.

ఇంక ఎవరికీ అవదు. ఆ మాటని ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసిందో. నిజమే, తప్పు దిద్దేశాడు, దిద్దిన తర్వాత దండోరా వేస్తే ఎవరికి లాభం, ఏ బిడ్డా తిరిగి రాదు, ఉన్న కొడుకు పోతాడు. లెక్క సరిగ్గానే తేలుతుంది, ప్రతిసారీ, ఒక్క పొజ్జే దగ్గర తప్ప. పొజ్జే పెదవులు ఇంకా కదుపుతోంది. ఇద్దరున్నారు ఈమెకి, ఒక మగపిల్లాడు, ఒక ఆడపిల్ల. ఇద్దరున్నారు కదా అని లోపల ఎవరో అన్నారు. ఎవరో కాదు, తనే. ప్రభువా, అని మొదలుపెట్టి ఆ ప్రార్థనని శాంతిప్రియ ముందుకి నడపలేకపోయింది. ఏం అడగాలో తెలుసు. అడిగితే ఇస్తాడేమోనని భయం.

ముందే తీసుకురావాల్సిందమ్మా. ఏళ్ల కిందట, ఆస్పత్రి కారిడార్లో డాక్టరు, స్టెత్ జేబులో కుక్కుకుంటూ, ఆమె ముఖం చూడకుండా. కూతురు అమ్ముకి జ్వరం మెదడుకి ఎక్కింది. భర్త రైలు డ్యూటీలో కొత్తవలస దగ్గరెక్కడో ఉన్నాడు. పొద్దున్నుంచే మూలుగుతోంది, పొద్దున యూనిట్ టెస్టు పేపర్లు దిద్దాల్సి ఉంది, మధ్యాహ్నం దాకా చూద్దాంలే అనుకుంది. ముందే తీసుకురావాల్సిందమ్మా. డాక్టరు ఆ మాట అని మరో మంచం దగ్గరికి పోయాడు, ఆమె ఏళ్ల తరబడి ఆ కారిడార్లోనే ఉండిపోయింది. అన్నం కలుపుతూ అక్కడే, బోర్డు మీద భిన్నాలు రాస్తూ అక్కడే. భర్త ఒక్క మాట అనలేదు, అననందుకే అతని పక్కన పడుకోవడం కష్టమైంది. చాలాకాలానికి ఒక రోజు కూరగాయల బజారులో రిటైరయిన నర్సు కనబడి, ఆ పాప సంగతి నాకు గుర్తుంది, పొద్దున్నే తెచ్చినా నిలిచేది కాదు టీచరమ్మా, అప్పుడు ఆ మందు స్టాకే లేదు, మాకు చెప్పొద్దన్నారు అంది. వంకాయల బుట్ట ముందు నిలబడి శాంతిప్రియ ఏడ్చింది. ఆ రాత్రి నిద్ర పట్టింది. ఒక్క మాట. ఎవరో ఒక ముసలి నర్సు, వంకాయలు ఏరుకుంటూ, ఇచ్చేసి పోయింది. అలాంటి మాటే ఇప్పుడు తన నాలుక కింద ఉంది, ఈ పక్క కుర్చీలోని మనిషికి చెందినది, ఆమె సొమ్ము, తను దాచుకుని కూర్చుంది. తెలియక చేసేవాళ్లు వేరు. శాంతిప్రియకు ఆ మాట విలువ ఎంతో ఈ టెంటు కింద అందరికంటే బాగా తెలుసు. తెలిసే మీటింగులకి వస్తోంది. వేసవి సెలవలు, దోర్లీ వచ్చినవాళ్లు దొరకడం లేదు, మీరు రాగలరా టీచర్‌గారూ అని సునీల్ అడిగితే వెంటనే ఒప్పుకుంది. సేవ అనుకున్నాడు. ఇంకెవరైనా ఆ కుర్చీలో కూర్చుంటే, పొజ్జే నోటి నుంచి ఏం వచ్చినా వాళ్లు ఉన్నదున్నట్టు మార్చేస్తారని ఒప్పుకుంది.

కారు తలుపు చప్పుడు. మేడమ్ వచ్చింది, సన్నటి మనిషి, క్షమించండి, దారిలో లారీ అడ్డం పడింది అని హిందీలో చెప్పి, నమస్కారాలు అందుకుని, చేతి రుమాలుతో మెడ తుడుచుకుంది. మంచి మనిషిలాగే ఉంది. పొజ్జే దగ్గరికి వచ్చి భుజం మీద చేయి వేసింది. సునీల్ మైకు మీద రెండుసార్లు తట్టి, ఒక తల్లి తన అనుభవం చెప్పడానికి మీ ముందుకి వచ్చింది అన్నాడు. పొజ్జే లేచింది. శాంతిప్రియ కూడా లేచి పక్కన నిలబడింది. పొజ్జే ఒంటి నుంచి పొగ వాసన, చింతపండు వాసన. బిడ్డను నేను తూయనియ్యలేదు అంది పొజ్జే, శాంతిప్రియ హిందీ చేసింది. మా ఊళ్లో తూయరు అంది, అది హిందీ చేసింది. అందుకే పోయింది. అందుకే పోయింది. ముందు వరసలో ముసలి మితానిన్ కళ్లొత్తుకుంది. మేడమ్ తల ఆడించింది. ఇంకొక్క ముక్క ఉంది, మీరు నాలాగా చేయకండి, అయిపోతుంది, కూర్చోవచ్చు, సమోసాలు పంచుతారు.

పొజ్జే ఆ ముక్క అనలేదు. మైకుని రెండు చేతులా పట్టుకుని, పాఠంలో లేనిది మొదలుపెట్టింది. గొంతు కూడా మారింది, అప్పజెప్పే గొంతు కాదు, ఇంట్లో మాట్లాడే గొంతు. బిడ్డ పాలు తాగుతలేదని నేనే బిందుకు చెప్పిన. కాళ్లు చల్లబడ్డయని చెప్పిన. దవాఖానకు పోదామని బట్టలు మూట గట్టి లేచి నిలబడ్డ. బిందు ఫోన్‌ల చూసి, పచ్చగ వచ్చింది, భయం లేదు, ఇంట్లనే పెట్టుకో అన్నది. ఫోన్ అబద్ధం చెప్పదు గదా అని మళ్ల కూసున్న. నేను లేచి నిలబడ్డ. మళ్ల కూసున్న.

అయిపోయింది. పొజ్జే మైకు ఆమె వైపు తిప్పింది. వందమంది ఆడవాళ్లు శాంతిప్రియ నోటి వైపు చూస్తున్నారు. దూరంగా జాతీయ రహదారి మీద ఒక బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది, అది పూర్తిగా పోయేదాకా ఆగవచ్చు, ఆగింది, పోయింది. ప్రతి మాటా తెలుసు, ప్రతి మాటకీ హిందీ తెలుసు. లేచి నిలబడటానికి, పచ్చ రంగుకి, అబద్ధానికి. ఏదో ఒకటి అనాలి, ఊరుకుంటే సునీల్ అడుగుతాడు, ఏమంది టీచర్‌గారూ అని. అవినాష్ గది తలుపు, గడియ ఊడిన చోట రెండు మేకు రంధ్రాలు. "బచ్చా దూధ్ నహీ పీ రహా థా" అంది శాంతిప్రియ, స్పష్టంగా, తరగతి వెనక వరసకి వినబడేలా. "ఇస్‌కో సమఝ్ మే నహీ ఆయా క్యా కరే. ఘర్ మే బైఠీ రహ్ గయీ." బిడ్డ పాలు తాగలేదట. ఏం చేయాలో ఈమెకి తెలియలేదట. ఇంట్లోనే కూర్చుండిపోయిందట.

టార్పాలిన్ మీంచి ఒక నిట్టూర్పు లేచింది, జాలి, కొంచెం కోపం, అయ్యో ఎంత అమాయకురాలు అన్నట్టు. వెనకనుంచి ఎవరో అమ్మాయి, కూర్చుండిపోవడమేంటి, తల్లేనా అంది హిందీలో. పక్కామె ఆమె నోరు మూసింది. పొజ్జే శాంతిప్రియ వైపు చూసింది. కాసేపే. తర్వాత మైకు దగ్గరికి తీసుకుని, మీరు నాలాగా చేయకండి అంది, నేర్చుకున్నది నేర్చుకున్నట్టు. చప్పట్లు. మేడమ్ లేచి వచ్చి పొజ్జేని కౌగిలించుకుంది, సునీల్ ఫోటో తీశాడు, పొజ్జే చేతిలో సమోసా ఉన్న ప్లేటు పెట్టారు, అది ఆమె తినలేదు, కింద పెట్టడానికి చోటు లేక పట్టుకునే నిలబడింది. చాలా బాగా చెప్పారు టీచర్‌గారూ, ఈ రోజు కొత్తగా కలిపిన ముక్క అదిరిపోయింది, రేపటి నుంచి అది కూడా పెట్టేద్దాం, ఇంట్లోనే కూర్చుండిపోయింది అన్నది అన్నాడు సునీల్.

జీపులో ఇద్దరే వెనక కూర్చున్నారు. సునీల్ మేడమ్‌ని సాగనంపుతూ రోడ్డు మీద ఉన్నాడు, డ్రైవర్ టీ కొట్టు దగ్గర. ఇనుప సీటు కాలుతోంది. శాంతిప్రియ బాటిల్ మూత తీసి నీళ్లు ఇచ్చింది. పొజ్జే తాగింది, మూతి తుడుచుకుంది.

"నేను లేచి నిలబడ్డనన్నది నువ్వు చెప్పలే" అంది, దోర్లీలో కాదు, తెలుగులో.

"నీకు హిందీ..."

"బీజాపూర్ సంతల ఇన్నేండ్ల సంది చింతపండు అమ్ముతున్న టీచరమ్మా. హిందీ రాకుంటే సేఠ్ నన్నే తూసి కొనుక్కపోతుండె." నవ్వలేదు. బాటిల్ వెనక్కి ఇచ్చింది. "జీపుల ఈ సునీలు అనేటియి గూడ అన్ని ఇంటనే ఉన్న."

శాంతిప్రియ బాటిల్ మూత పెట్టబోయింది. మూత మర కుదరడం లేదు. తీసి మళ్లీ పెట్టింది. ఇప్పుడు. ఇక్కడ ఎవరూ లేరు, మైకు లేదు, ఇప్పుడు చెప్పేస్తే ఈ జీపు దాటి పోదు. నీ తప్పు కాదు పొజ్జే. నాలుగు మాటలు. వంకాయల బజారులో నర్సుకి ఎంతసేపు పట్టింది.

"ఫోన్‌ల అది కట్టింది నీ పిలగాడేనంట గద" అంది పొజ్జే, రోడ్డు వైపు చూస్తూ. "బిందు చెప్పింది. ఒకపారి మా ఊరికొచ్చి బిందుకు నేర్పిండంట, మంచోడంట. ఒక్కడేనంట గద నీకు."

వెళ్లనైనా లేదనుకుంది ఆ ఊరు. వెళ్లాడన్నమాట. ఆ గుడిసెల మధ్య నడిచాడు, ఎవరి ఇంట్లోనో నీళ్లు తాగాడు. తనకు చెప్పలేదు. "ఒక్కడే" అంది శాంతిప్రియ. ఆమెకు అమ్ము గుర్తు రాలేదు, ఆ క్షణాన నిజంగానే గుర్తు రాలేదు.

టీ కొట్టు దగ్గర డ్రైవర్ ఏదో జోకుకి పగలబడి నవ్వాడు.

"రేపు బీజాపూర్ల మీటింగు" అంది పొజ్జే. "ఆడ మన మాట తెలిసినోళ్లు మస్తుగ ఉంటరు. నువ్వు మార్చి చెప్తే పట్టుకుంటరు." కొంగు సర్దుకుని, సీటు మీద వెనక్కి ఆనుకుంది. "నేను రేపు ఆ ముక్క అననులే. కూసున్ననే అంట."

అలా అనకు అనాలి. చెప్పు పొజ్జే, ఉన్నదంతా చెప్పు, నేను ఉన్నదున్నట్టు మారుస్తాను అనాలి. శాంతిప్రియ నోరు తెరిచింది. లోపల ఎక్కడో, కిరందుల్‌లో, గడియ లేని గదిలో ఒకడు కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నాడు, ఊపిరి పీలుస్తున్నాడు.

"సరే" అంది. "పొద్దున్నే బయల్దేరదాం, ఎండ ముదరకముందే."